గుమ్మానికి కట్టిన ఆర్కిడ్

మా అక్క పోయిన కొన్నాళ్లకు ముత్తుకూరు వెళ్లేసరికి, ఆమె పెంచిన ఆర్కిడ్ వీధి గుమ్మానికి తలకిందులుగా వేలాడుతోంది. అమెరికా వేడి అడవుల్లో, మట్టితో పని లేకుండా చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే జాతి అది. ఆ జాతిలో రకాలు కూడా కొన్నే. పోర్టు డ్యూటీలతో ఏనాడూ దాన్ని పట్టించుకోని బావ, చెక్కముక్కకు అంటుకున్న ఆ మొక్కను దిష్టి కలబంద అనుకున్నాడు. ఆకులు ముడుచుకుపోయాయి. అక్క చేతుల మీద పెరిగిన ప్రాణం ఇక అదొక్కటే.

చెంబుతో నీళ్లు తెచ్చాను.

"పొయ్యబాకరా! దిష్టికి కట్టినదానికి నీళ్లు తగిలితే బలం పోద్ది," అన్నాడు బావ.

మొక్కల శాస్త్రం చెబితే వినే మనిషి కాడు. నాకు చేతనైన పని చేశాను.

"అక్క కలలోకొచ్చి దాహమని అడిగింది బావా."

"నాకు రాకుండా నీకెట్టా వచ్చినాదిరా?" అన్నాడే గానీ, చెక్కను తిన్నగా కట్టి రోజూ తనే తడిపాడు.

వానలు పడ్డాక మళ్లీ వెళ్లాను. తెల్లని పువ్వొకటి విచ్చుకుంది. పగలంతా వాసన లేదు. పొద్దు గూకగానే నిమ్మపండు లాంటి పరిమళం వసారా అంతా నిండింది. అది ఆ పువ్వు గుణమేనని నాకు తెలుసు. బావ ఇంకో కుర్చీ తెచ్చి వేసి, తువ్వాలుతో దుమ్ము దులిపాడు.

"మెల్లగా మాట్లాడరా. మీ అక్క వచ్చినాది."

దయ్యాల కథలల్లి ఊరందరినీ హడలగొట్టేవాణ్ణి నేను. ఆ ఖాళీ కుర్చీలో కూర్చోలేక, గోడవారగా నిలబడి గుసగుసగానే జవాబిచ్చాను.