కొసరు లింకులు

మా ఆయనకు నడుములో డిస్కు జారిన ఏడాది, ఆయన బడికి వెళ్ళే బస్సు రోడ్డు కూడా నడుము విరిగే ఉంది. మొగల్తూరు వైపు వరి చేలన్నీ చెరువులైపోయి, చేపల లారీలు తిరిగి తిరిగి తారంతా లేపేశాయి. ఒక్కసారి బస్సెక్కితే మూడు రోజులు మంచం దిగలేకపోయేవారు. మామూలు సైకిలు ముట్టుకోవద్దన్నారు రాజమండ్రి డాక్టరుగారు. స్కూటరు వద్దన్నారు. ముందుకు వంగడం అసలే వద్దన్నారు. పెట్టిన సెలవు అయిపోవస్తోంది. బడికి వెళ్ళలేకపోతే ఉద్యోగం మానుకోవడమే గతి. ఆయన పదో తరగతికి లెక్కలు చెప్పేవారు. ఆ క్లాసు ఇంకొకరికి ఇస్తారన్న మాట వచ్చిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని ఊరికే కలుపుతూ ఉండిపోయారు.

ఆ సెలవుల్లోనే ఏదో ఇంగ్లీషు పత్రికలో, పడక్కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలి తొక్కే సైకిలు బొమ్మ చూశారు. తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించారు. ఆయన నవ్వి, "వాలి తొక్కితే పరవాలేదండి. వంగకూడదు, అంతే" అన్నారట. ఇక ఈయనకు పట్టపగ్గాల్లేవు.

మా ఊళ్ళో రిక్షాలు కట్టే వెల్డింగు షాపతను ఒకప్పుడు ఈయన దగ్గర చదువుకున్నవాడే. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి మా అరుగు మీద కూర్చోబెట్టి చెబితే గట్టెక్కాడు. మాస్టారు అడిగితే లేదనే మాటే లేదు. ఒక పాత గేరు సైకిలు తెప్పించి, నిలువునా కోసి, ముందుకు పొడుగాటి గొట్టం అతికి, దాని కొసన పెడళ్ళు పెట్టాడు. మధ్యలో ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ. పెడళ్ళేమో అంత ముందు, తిరగాల్సిన చక్రమేమో అంత వెనక. అందుకని మూడు చైన్లు కలిపి ఒకటి చేసి కుర్చీ కింద నుంచి లాగాడు. ఎన్ని లింకులు కావాలో ఈయన కాగితం మీద లెక్క వేసి ఇచ్చారు, రెండుసార్లు సరిచూసి మరీ.

బండి వీధిలోకి రాగానే ఊరంతా నవ్వింది. మాస్టారు మంచంతో సహా బడికెళ్తున్నారన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

గతుకుల బస్సు రోడ్డు వదిలేసి కాలవ గట్టు దారి పట్టారు గాని, అసలు తంటా కాలవ వంతెన దగ్గర వచ్చింది. వాలి కూర్చున్నవాళ్ళు పెడలు మీద లేచి నిలబడి బరువు వేయలేరు కదా. ఎత్తు ఎక్కాలంటే పెడళ్ళ దగ్గరున్న రెండు పళ్ళ చక్రాల్లో చిన్నదాని మీదకు చైను రావాలి, దిగాక మళ్ళీ పెద్దదాని మీదకు వెళ్ళాలి. చైనును అటూ ఇటూ నెట్టడానికి ఒక రేకు, ఆ రేకును లాగడానికి ఒక తీగ, చేతి దగ్గర ఒక మీట. మొదటి రోజే వంతెన మొదట్లో మీట నొక్కగానే, చైను చిన్న చక్రాన్ని దాటేసి లోపలికి పడిపోయింది. ఎక్కించుకుందామంటే ఆయన వంగలేరు. ముప్పావుగంట గట్టు మీద దారి చూస్తూ కూర్చుంటే, పాలు పోసే ఆయనెవరో వచ్చి ఎక్కించాడు. ఫస్టు బెల్లు పోయింది.

మర్నాటి నుంచి నేను వెంట బయల్దేరాను. పక్కింటివాళ్ళ లేడీస్ సైకిలు అడిగి తెచ్చుకున్నాను. నలభై రెండేళ్ళ వయసులో, పెళ్ళయ్యాక సైకిలెక్కడం అదే మొదలు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, హ్యాండిలుకు పాత గుడ్డపేలిక కట్టుకుని, పొద్దున్న దిగబెట్టి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేదాన్ని. చైను పడితే దిగడం, ఎక్కించడం. ఆ నలుపు కిరసనాయిలుతో కడిగినా గోళ్ళ సందుల్లోంచి వదిలేది కాదు. ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని నేను. ఒకావిడ పట్టు జాకెట్టుకు వేలిముద్ర పడి, ఆవిడతో మాటలు పడ్డాను.

"అసలు దీనికి రోగమేంటండీ?" అని అరిచాను ఆ రోజు.

"రోగం కాదే. రేకు ఎంత లోపలికి పోవాలో, ఎంత బయటికి పోవాలో రెండు స్క్రూలు చెబుతాయి. ఒకటి అరచుట్టు తిప్పితే సరిపోతుంది."

తిప్పారు. అంటే, ఆయన చెబుతుంటే నేను తిప్పాను. లోపలికి పడడం ఆగి, వంతెన దిగేటప్పుడు బయటికి పడింది. తీగ బిగించాం. అప్పుడు పెద్ద చక్రం మీద నుంచి దిగనని భీష్మించుకుంది. రేకును కాస్త కిందికి దింపాం. రెండు రోజులు బాగుంది. మూడో రోజు గతుకులో పడి మళ్ళీ మొదటికొచ్చింది. ఆయన డైరీలో గళ్ళు గీసి ఏ రోజు ఏ స్క్రూ ఎంత తిప్పామో రాసుకున్నారు. నేను ఆ డైరీని కాలవలో పారేస్తానని రెండుసార్లు బెదిరించాను.

కానీ నిజం చెప్పాలి. తిట్టుకుంటూ వెళ్ళేదాన్నే గాని, ఆ గట్టు మీద ప్రయాణం నాకు ఇష్టమైపోయింది. ఒక పక్క గుర్రపుడెక్క పూలు, ఇంకో పక్క కొబ్బరి చెట్ల నీడ. ఆయన ఆకాశం చూస్తూ ఆ రోజు చెప్పాల్సిన పాఠం పైకి చెప్పుకునేవారు. మధ్యలో ఆపి, "అర్థమైందా?" అనేవారు నన్ను. ఇరవై ఏళ్ళ కాపురంలో నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది. అర్థం కాకపోయినా అయిందనేదాన్ని.

ఎప్పుడూ వెనకే ఉండేదాన్ని కనక ఆయనకు కనపడనిది నాకు కనపడింది. గతుకు వచ్చినప్పుడల్లా కుర్చీ కింద చైను, వదులైన లంగా బొందులా ఊగుతోంది. వెనక చక్రం దగ్గర దాన్ని లాగి పట్టే స్ప్రింగు ఉంది గాని, అది కూడా పూర్తిగా వెనక్కి పోయి ఇక లాగలేక ఊరుకుంటోంది.

"చైను పొడుగెక్కువండీ" అన్నాను.

"లెక్క వేసిచ్చింది నేను."

"వేసింది మీరే. కుట్టింది మీరు కాదుగా. కొలత ఒకటి, కుట్టు ఒకటి. నాకు తెలీదా?"

ఆయన నవ్వేశారు గాని, ఆదివారం బండిని షాపుకు తోసుకెళ్ళాం. నేనే అడిగాను.

"మాస్టారు రాసిచ్చినన్ని లింకులే వేశావా?"

"అవునండి అమ్మగారు. అన్నీ వేశానండి. పైన ఓ ఆరు కొసరేశానండి."

"కొసరేంటయ్యా?" అన్నారు ఈయన.

అతను బిత్తరపోయాడు. "మాస్టారికి లెక్కపెట్టి ఇస్తానేంటండీ! కూరల కొట్లో గుప్పెడు కొత్తిమీరైనా వేసి పంపుతారు కదండి. మూడోసారి నన్ను గట్టెక్కించింది మీరు. లింకు తక్కువైతే మాట వస్తుందని..."

ఈయన రెండు చేతులతో నడుం పట్టుకుని, నవ్వితే నొప్పి అని తెలిసీ పడీ పడీ నవ్వారు. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేశారు. అతను ఆరు లింకులూ తీసి, మనసొప్పక, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

స్క్రూలు మళ్ళీ సరిచేశాం. సోమవారం వంతెన ఎక్కారు, దిగారు. చైను ఒక్కసారి కూడా పడలేదు. వారమంతా పడలేదు. శనివారం సాయంత్రం గట్టు మీద ఆయన సంతోషంగా, "ఇంక నీకు శ్రమ లేదే. సోమవారం నుంచి నేనొక్కణ్ణే వెళ్తాను" అన్నారు.

"అమ్మయ్య" అన్నాను. ఇంటికి వచ్చి బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది. ఎందుకో చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆయన ఉద్యోగం నిలబడింది, పదో తరగతి నిలబడింది, నేను కోరుకున్నదే అది. అయినా ఏడ్చాను.

లేడీస్ సైకిలు పక్కింట్లో ఇచ్చేశాను. మూడు రోజులు ఆయన ఒక్కరే వెళ్ళొచ్చారు. నేను పేరుకుపోయిన జాకెట్లన్నీ కుట్టాను. నాలుగో రోజు సాయంత్రం బండి గోడకు ఆనించి లోపలికి వస్తూ, నా వైపు చూడకుండా, "వంతెన దగ్గర చైను పడిందే" అన్నారు.

కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి లేచాను. "వంగారా? ఎవరెక్కించారు?"

"ఎవరూ లేరు. కూర్చునే కాలితో ఎత్తి, చేత్తో పట్టుకుని ఎలాగో నేనే ఎక్కించుకున్నాను. కానీ రోజూ అలా కుదరదు కదా. రేపట్నుంచి నువ్వు వస్తే మంచిది."

మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఆయన అందుకున్నారు. వేళ్ళ మధ్య చాక్‌పీసు పొడి తెల్లగా ఉంది. గోళ్ళ సందుల్లో ఎక్కడా నలుపు లేదు. నెల్లాళ్ళు ఆ చైను ఎక్కించినదాన్ని, దాన్ని ముట్టుకున్న చేతులు ఎలా ఉంటాయో నాకు తెలీదా?

"అలాగేనండి" అన్నాను. వెంటనే పక్కింటికి వెళ్ళి సైకిలు అడిగి తెచ్చుకున్నాను.