అరచెయ్యి కనబడని నీళ్ళు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్లు విప్పి బిగించడం నా పని. నా ఒంటికి సబ్బు వాసన కంటే డీజిల్ వాసనే ఎక్కువని ఇంట్లోవాళ్ళు అంటారు. అలాంటి నాకు డీజిల్ లేకుండా ఇంజన్ నడపాలన్న పిచ్చి పట్టింది. అదీ పాచితో!

బండి రిపేరుకి వచ్చే కెమిస్ట్రీ లెక్చరర్ గారు ఒకరోజు మాటల్లో చెప్పారు. నీళ్ళలో పెరిగే పాచిలో నూనె ఉంటుందట, తీసి శుద్ధి చేస్తే డీజిల్ బదులు పోసుకోవచ్చట. వరి పండే నేల అక్కర్లేదు, మంచినీళ్ళు అక్కర్లేదు. ఎండా, మురికినీళ్ళూ ఉంటే చాలు. పైగా మన బళ్ళు వదిలే పొగలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకునే పెరుగుతుందట. ఎండకీ మురికినీళ్ళకీ మా కృష్ణా జిల్లాలో కొదవా? ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఫోన్లో పాచి వీడియోలు చూస్తూ కూర్చున్నాను.

పామర్రు దగ్గర మా అక్క వాళ్ళకి చేపల చెరువులున్నాయి. పేరుకి అవి బావగారివే గానీ పెత్తనమంతా అక్కదే. పాచంటే అక్కకి పగ. పొద్దున్నే గట్టు దిగి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచి చూస్తుంది. అరచెయ్యి కనబడిందా, సరే. కనబడకపోతే పాచి చిక్కబడ్డట్టే. ఇక గాలి చాలక చేపలు తేలతాయని ఊరు ఎగిరిపోయేలా అరిచి, నీళ్ళు తోడే ఇంజన్ పెట్టించి నీళ్ళు మార్పిస్తుంది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఒక చెరువులో పాచి పెంచుకుంటాను" అన్నాను.

"బుర్ర తిరిగిందేంట్రా? అందరూ పాచి పోగొట్టుకోలేక చస్తంటే!"

నాలుగు రోజులు వెంటపడి బతిమాలితే, చేపపిల్లలు పెంచే చిన్న చెరువు ఇచ్చింది. కాలవలకి నీళ్ళు వదిలేలోగా ఆ నూనెతో ఇంజన్ నడిపి చూపించాలి. లేదంటే ఎప్పట్లాగే అందులో పిల్లలు వదిలేస్తుంది. అదీ షరతు.

పక్క చెరువు అడుగునీళ్ళు తోడి పోసేసరికి, ఆ ఎండలకి చిన్న చెరువు పచ్చగా కమ్ముకొచ్చింది. నేను గట్టు మీద పెళ్ళికొడుకులా తిరిగాను. కానీ పెంచడం వేరు, పట్టడం వేరు. పంచె అడ్డంపెట్టి వడకడితే పాచి నీళ్ళతో పాటే కారిపోయేది. రెండు మడతలు వేసినా అంతే. ఇక చేసేది లేక ఒక డ్రమ్ము నిండా పచ్చనీళ్ళు తెచ్చి అక్క పెరట్లో పెట్టి, విజయవాడ వెళ్ళిపోయాను.

అవి ఎండాకాలం, కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు. అప్పుడు మా వైపు ఇళ్ళలో నిలవ ఉంచిన కాలవనీళ్ళు పచ్చబడతాయి. ఆడవాళ్ళు పటికముక్క గిరగిరా తిప్పి తేర్చి వాడుకుంటారు. మర్నాడు నేను వచ్చేసరికి నా డ్రమ్ము సగానికి దిగిపోయి ఉంది. పైన నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అక్క ఆ నీళ్ళతో అంట్లు తోముతోంది.

"అక్కా! నా పాచి!"

"నాకేం తెలుసు? కాలవనీళ్ళేమో అనుకుని పటిక తిప్పాను" అంది, తోమడం ఆపకుండా.

కోపంతో ఊగిపోతూ మిగిలిన నీళ్ళు పారబోశాను. అడుగున మందంగా, రుబ్బిన గోరింటాకు ముద్దలా, పాచి! పంచెలకి చిక్కనిది పటికకి చిక్కింది. ఆనందం పట్టలేక అక్కని ఎత్తి గిరగిరా తిప్పేశాను. "దించరా, నడుం విరుగుద్ది!" అని కేకలు పెట్టింది.

ఆ తర్వాత రోజూ డ్రమ్ముల్లో పటిక తిప్పడమే మా పని. ముద్దని టార్పాలిన్ మీద ఎండబెట్టి, బస్తాలకెత్తి లెక్చరర్ గారికిచ్చాను. ఆయన నూనె తీసి శుద్ధి చేసి తెచ్చింది ఒక్క సీసా.

"ఇంతేనాండీ?" అన్నాను నీరుగారిపోయి.

"నూనె ఎక్కువ పట్టే రకాలు వేరే ఉన్నాయండీ, వెతకాలి. ఇప్పటికైతే డీజిల్ కంటే ఖరీదే" అన్నారాయన, ఏమీ దాచకుండా.

సీసా పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళేసరికి చేపపిల్లల బండి గట్టు మీద ఆగి ఉంది. కాలవకి నీళ్ళు వచ్చేస్తున్నాయట! గబగబా ఇంజన్ ట్యాంకు ఊడదీసి, సెలైన్ గొట్టంతో సీసా తగిలించాను. హ్యాండిల్ తిప్పాను. దగ్గి ఆగిపోయింది. గొట్టంలో గాలి తీసేసి మళ్ళీ తిప్పాను.

డబడబడబడబ! పైపులోంచి నీళ్ళు ఎగిరి దూకాయి. పొగ పల్చగా వస్తోంది, గట్టంతా వేపుడు వాసన. ఎన్ని వందల ఇంజన్ల చప్పుడు విని ఉంటానో గానీ, అంత తియ్యటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. చిన్నపిల్లాడిలా గెంతాను.

"చేప లేకుండానే వేపుడు చేశావు కదరా!" అని నవ్వింది అక్క.

ఆవిడ ఇచ్చిన టీ చల్లారకముందే సీసా ఖాళీ అయింది. ఇంజన్ ఆగిపోయింది. బండి డ్రైవరు ముందుకొచ్చి, "అమ్మా, పిల్లల్ని ఈ చిన్న చెరువులోనే వదిలెయ్యమంటారాండీ?" అని అడిగాడు. నడిచింది నిజమే, కానీ టీ తాగినంతసేపైనా నడవలేదు. ఖాళీ సీసా గొట్టం నుంచి ఊడదీశాను.

అక్క కుచ్చిళ్ళు ఎగదోపుకుని చిన్న చెరువు గట్టు దిగింది. మోచేతి దాకా చెయ్యి ముంచి, వంగి చూసింది.

"పెద్ద చెరువులో వదులు బాబూ" అంది డ్రైవరుతో. తర్వాత నా మీద విసుక్కుంది.

"ఏం పెంచుతున్నావురా! ఇంకా అరచెయ్యి కనబడతానే ఉంది."