రోడ్డుకు వీపు పెట్టిన గుడి

మర్రిపాడు రోడ్డు మీద పోయేవాళ్ళకు మా చర్చి వెనక గోడ మాత్రమే కనిపిస్తుంది. మేం దాన్ని గుడి అనే అంటాం. రాతి గోడలకు సున్నం, పైన పెంకులు, లోపల నాపరాళ్ళ నేల. ఉన్నది ఒకే వాకిలి. అది మా పాలెం వైపు తెరుచుకుంటుంది.

కట్టించిన మిషను దొరగారు వాకిలి రోడ్డు వైపే పెట్టమన్నారట. ఆ రోజుల్లో ఆ రోడ్డున పెద్దకులాల వాళ్ళ ముందర మావాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. "దేవుడి ముందర విడస్తాం గానీ, వీళ్ళ ముందర ఎందుకు విడవాల?" అని మా అవ్వ అడిగిందట. రాళ్ళు మోసేది ఆడవాళ్ళే కాబట్టి దొరగారు వాకిలి పాలెం వైపుకే తిప్పించారు.

కిందటేడు సంఘ పెద్దలకు ఆ వెనక గోడ నామోషీ అయింది. పాత వాకిలి పూడ్చేసి రోడ్డు వైపు కొత్తది తెరవాలని తీర్మానించారు. ఆ పెద్దల్లో మా మరిది ఒకడు. మా ఆడవాళ్ళలో ఒక్కరికైనా చెబితే కదా, గడప కడిగే వంతు ఎవరిదో తెలిసేది! ప్రతి శనివారం ఒక్కో ఇంటి ఆడమనిషి వంతుగా ఆ గడప కడగడం అవ్వల నాటి ఆనవాయితీ. వాళ్ళు మేస్త్రీని రమ్మన్న శనివారం వంతు నాది. ఆ సంగతి ముందురోజు రాత్రే నా చెవిన పడింది.

పొద్దున్నే గడప కడిగి, ఆ తడి మీదే చతికిలబడ్డాను. ఇటుకల ట్రాక్టరుతో మరిది దిగాడు.

"లెయ్యి వదినా. మేస్త్రీ కాసుకోనుండాడు."

"నా వంతు అయిపోలేదబ్బయా."

"కడిగేసినావు గదా!"

"అయితే ఏంది? సాయంత్రం దాకా నాదే."

అతనికి కోపం వచ్చింది. "బస్సుల్లో పొయ్యేవాళ్ళకు మన గుడి వీపు కనపడతా ఉండాది. నీకు సిగ్గుగా ల్యా?"

నాకు ఒళ్ళు మండింది. "చూడనియ్. వాళ్ళు మనకు ఎన్ని తరాలు వీపు చూపించలా?"

ఇంతలో పక్కింటామె బిందెతో వచ్చింది. "వచ్చేవారం వంతు నాది. ఇప్పుడే మొదలుపెడతా ఉండా" అంటూ గడప మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి నా పక్కనే కూలబడింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. పాస్టరయ్య నచ్చజెప్పబోయారు. "రోడ్డు వైపు ఇంకోటి పెట్టుకోండయ్యా, ఎవరొద్దన్నారు? మాది మాత్రం పూడ్చనియ్యం" అన్నాను.

మధ్యాహ్నానికి ఇటుకలు ట్రాక్టరులోనే వెనక్కి పోయాయి.

ఆ ఆదివారం మా మరిది ఆరాధనకు రాలేదు. పై ఆదివారం వచ్చాడు. గుడిలోకి వేరే దోవ లేదు గదా, మా గడప దాటుకునే వచ్చాడు.