వానలోకి జరిగిన పెద్దమనిషి

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే పెద్ద రేవు నగరం పక్కనే మోల్న్‌డాల్ అని చిన్న ఊరుంది. ఉద్యోగం పని మీద అక్కడ నెల రోజులున్నాను. మొదటి రోజు బస్టాపులో ఒకే ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. వికారాబాద్ రైల్వే టికెట్ కౌంటర్ దగ్గర అబ్బిన విద్య కదా, వెళ్లి ఆయన వీపుకు ఆనేంత దగ్గరగా నిలబడ్డాను. ఆయన ఒకడుగు ముందుకు జరిగాడు. ఎంత మంచివాడో, నాకు చోటిస్తున్నాడనుకుని నేనూ జరిగాను. అలా జరిగి జరిగి ఆయన షెడ్డు దాటి వానలో పడ్డాడు. తడుస్తూనే, "మీకేమైనా సాయం కావాలా?" అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు.

అక్కడ మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదలాలని ఆఫీసులో చెప్పారు. సిగ్గుపడి నెలంతా అదే అలవాటు చేసుకున్నాను.

తిరిగొచ్చాక వికారాబాద్ స్టేషన్లో తాండూరు టికెట్ కోసం లైన్లో నిలబడి, ముందు మర్యాదగా జాగా వదిలాను. అందులోకి ఐదుగురు దూరారు. వెనక్కి జరిగి మళ్లీ వదిలాను. ఇంకో నలుగురు దూరారు. అలా జరిగి జరిగి నేను షెడ్డు దాటి ఎండలో పడ్డాను. అప్పుడే నెత్తిన మూటతో వచ్చిన ఓ ముసలమ్మ నన్ను జాలిగా చూసింది.

"కొడుకా, లైన్ల ఉన్నవా, ఉత్తగ చూడనీకొచ్చినవా? జర పక్కకు జరుగు."