తెల్లపొడి మానేసిన బిక్షపతి

నడిగూడెం బిక్షపతి తన కోళ్ల షెడ్డులో మెథియోనిన్ డబ్బా మూత తీస్తే, రోడ్డు మీద పోయే హుజూర్‌నగర్ బస్సు మొత్తం ముక్కు మూసుకునేది. అంత కుళ్లిన గుడ్డు కంపు. కోళ్లకు ఈకలు రావాలన్నా, కండ పట్టాలన్నా దాణాలో ఆ తెల్లపొడి పడాల్సిందే. మక్కపిండిలో దాన్ని ఉత్తచేతులతో కలిపేది భార్య గోపిక. ఆమె అరచేతులు పగిలి, అన్నం కలుపుకుంటే మంటకు కళ్లనీళ్లు వచ్చేవి.

షెడ్డున్న జాగా గోపిక తమ్ముడు వీరేందర్‌ది. మిర్యాలగూడలో మిల్లున్న అతనికి అక్కడ వడ్ల గోదాం పెట్టాలని ఆశ. కిందటిసారి కోళ్లు రోగమొచ్చి పోయినప్పుడే తేల్చి చెప్పాడు.

"ఈ ఒక్క బ్యాచ్ సూస్త బావా. ఇది గూడ పోతే తాళం నాకిచ్చెయ్."

బిక్షపతి సరేనన్నాడు. కోదాడలో దాణా దుకాణం నడిపే శశిధర్ కొత్త సంచి చూపించాడు.

"మూలికలతో చేసిందన్నా, కంపుండదు. సగం తెల్లది, సగం ఇది కలుపు. మొత్తం ఒక్కసారే మార్చమాకు."

బిక్షపతికి గోపిక చేతులే కళ్లముందున్నాయి. ఇంటికొచ్చి, తెల్లపొడి డబ్బాను శవాన్ని పూడ్చినట్టు గుంతతీసి పూడ్చాడు. మూలికలపొడి ఒక్కటే కలిపించాడు.

గోపిక చేతులు మానాయి. కొత్త బ్యాచ్ కోడిపిల్లలకు మాత్రం ఈకలు రాలేదు. నెల దాటినా పావురాలంత సైజులోనే, బోడి వీపులతో తిరిగాయి. ఒకదాని తోక దగ్గర నెత్తురు కనబడగానే మిగతావి దాని మీద పడ్డాయి. తెల్లారేసరికి కింద పరిచిన ఊక ఎర్రబడింది. చచ్చినవాటిని ఏరి పారేస్తే, తిన్న ఊరకుక్కలు బలిసి దూడలయ్యాయంటారు.

బిక్షపతి కోదాడకు ఉరికి తెల్లపొడి తెచ్చి తనే కలిపాడు. గాయపడ్డవాటిని గంపల కింద మూశాడు. నెత్తురు రుచి మరిగిన కోళ్లు ఆగలేదు.

కోళ్లు కొనడానికొచ్చినాయన ఒకదాన్ని కాళ్లుపట్టి లేపి, మెల్లగా కింద పెట్టాడు.

"కోస్తే ఏమెల్తదన్నా దీంట్ల?"

ఆ మాపటికే వీరేందర్ వచ్చాడు.

"నా చేతులు సూడలేకనే మార్చిండు తమ్మీ," అంది గోపిక.

"చేతులకైతే గ్లౌజులు కొనకపోతిరా అక్కా."

గోపిక మొగుడి వైపు చూసింది. ఇద్దరిలో ఒక్కరికీ ఆ ముచ్చట తట్టలేదు. బిక్షపతి జేబులోంచి షెడ్డు తాళం తీసి బామ్మర్ది చేతిలో పెట్టాడు. లోపల కోళ్లు ఇంకా పొడుచుకుంటూనే ఉన్నాయి.