అనూరాధపురంలో అత్తగారి వీసా

అత్తగారి వీసా మార్చడానికి బయల్దేరి అనూరాధపురం చూసొచ్చాం. వరస ఇదే, భక్తి తర్వాత సంగతి. 2023లో మా ఆవిడ లావణ్యకు నెలలు నిండుతున్నాయని, తొలి కాన్పుకు తోడుగా వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి షార్జాలో అల్ నహ్దాలోని మా ఫ్లాట్‌కి విజిట్ వీసా మీద వచ్చారు. ఆ గడువు కాస్తా ముగియవచ్చింది. దేశం దాటి వెళ్ళి, కొత్త వీసా వచ్చాకే తిరిగి రావాలి. ఎలాగూ వెళ్ళాలి కదా, శ్రీలంక చూపిస్తానన్నాను. లావణ్యకు పక్కింటావిడను తోడు పెట్టి గురువారం ఉదయం విమానం ఎక్కాం.

షార్జా నుంచి కొలంబోకు సుమారు ఐదు గంటలు. అక్కడి నుంచి అనూరాధపురానికి కారులో ఇంకో నాలుగైదు గంటలు. రైలూ బస్సూ చవకే గానీ పెద్దవాళ్ళతో అయితే కారే నయం. మా డ్రైవర్ నిమల్ ఒకప్పుడు దుబాయ్ అల్ ఖూజ్‌లో పికప్ నడిపినవాడు. అతని హిందీ నా హిందీ కంటే బాగుంది.

శుక్రవారం పొద్దున్నే జేతవన స్తూపంతో మొదలుపెట్టాం. అంతా ఇటుకే, చూస్తే కొండే. సార్క్ దేశాల వాళ్ళకు టికెట్ సగం ధరే, కాకపోతే అసలు పాస్‌పోర్ట్ చూపించాలి. ఎక్కడైనా పడిపోతాయని రెండు పాస్‌పోర్టులూ హోటల్ లాకర్లో పెట్టించిన తెలివి నాదే కాబట్టి పూర్తి ధర కట్టాను. అత్తయ్యగారు రొంటి దగ్గర చీర సర్దుకున్నారు.

ఎండెక్కాక రువన్వెలిసాయ అనే తెల్లటి స్తూపానికి వెళ్ళాం. చెప్పులు, టోపీలు బయటే విడవాలి. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. మొదటి ప్రదక్షిణ సగంలో ఉండగా దుబాయ్‌లోని డేరా నుంచి ఖాదర్ భాయ్ ఫోన్. కడప మనిషి, మా వీసా ఏజెంటు.

"అన్నా, అమ్మ పాస్‌పోర్ట్ ఆఖరి పేజీ మసగ్గా ఉందంట. యల్లా, తొందరగా ఇంగోటి పంపు. ఈ రోజు శుక్రవారం, జుమ్మా నమాజుకు ముందే ఆఫీసు ఖలాస్. తప్పితే సోమవారమే."

మా తిరుగు విమానం ఆదివారం. నా ఫోన్‌లో ఉన్నదీ ఆ మసక ఫోటోయే. హోటల్ అరగంట దూరం, ఆఫీసు మూసేందుకు పావుగంటే ఉంది. సోమవారం దాకా ఆగితే అక్కడ లావణ్యకు పక్కింటావిడే దిక్కు. నేను వెళ్ళిపోతే ఈవిడను తెలియని ఊళ్ళో వదలాలి.

"ఫికర్ మత్ కరో భాయ్, కారు తీస్తా" అంటూ నిమల్ పరుగెత్తబోయాడు.

"ఆగండి" అన్నారు అత్తయ్యగారు. అటు తిరిగి, రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీశారు. లోపల పాస్‌పోర్ట్! "లాకర్లో పెట్టినట్టే పెట్టి తీసేసుకున్నా బాబూ. అది ఒంటి మీద లేకపోతే నాకు నిద్ర పట్టదు. టికెట్ కాడ చెబుదామనుకున్నా, మీరేమనుకుంటారోనని నోరు మెదపలా."

ఫోటో తీసి పంపాను. ప్రదక్షిణ పూర్తయింది గానీ నేను స్తూపాన్ని చూస్తే ఒట్టు, ఫోన్‌నే చూశాను. ఎట్టకేలకు మెసేజ్ మోగింది: "వీసా వచ్చేసినాది అన్నా. మబ్రూక్!"

హమ్మయ్య అని ఆ కాలే రాళ్ళ మీదే కూలబడ్డాను. తర్వాత ఇద్దరం ఇంకో చుట్టు తిరిగాం. అప్పుడు కనబడింది నాకు ఆ తెల్లటి గుమ్మటం, దాని కింద తామరలు పట్టుకుని నిలబడ్డ జనం. అత్తయ్యగారు చాలాసేపు తలెత్తి చూశారు. "మన అమరావతి స్తూపమూ ఒకప్పుడు ఇట్టాగే ఉండేదంట. మనకి దిబ్బ మిగిలింది. వీళ్ళు ఇంకా పూలు పెడతన్నారు" అన్నారు.

పెద్దవాళ్ళ కంగారును చాదస్తమని కొట్టిపారేయడం నాకు అలవాటు. ఈ ప్రయాణంలో ఆ చాదస్తమే మమ్మల్ని గట్టెక్కించింది. మీరూ ఇలా వీసా మార్పుకు వెళ్తుంటే, తేదీ మార్చుకోగలిగే తిరుగు టికెట్టే కొనండి, కాస్త ఖరీదైనా. మేం అనుకున్న ఆదివారమే ఇంటికి చేరాం. ఆ వారంలోనే లావణ్యకు నొప్పులొచ్చాయి. కాన్పు గదిలోకి తోడు ఒక్కరే రావాలన్నారు. లావణ్య నా వైపు చూడనే లేదు, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది.