తోట వాకిట్లో తడిసిన గోడ

చదువు పదో తరగతితో ఆగినా, మా ఊరి గ్రంథాలయంలో నేను ముట్టని పుస్తకం లేదు. దయ్యాల సంగతి ఎవరెత్తినా దానికో కారణం చూపించి నోరు మూయించేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

నిరుడు ఒమన్‌లోని సమాయిల్‌లో, ఒక పాత ఖర్జూర తోట వాకిలిని బాగుచేసే పని మా కంపెనీకి వచ్చింది. మన దొరల గడీల ముందుండే వాకిలిలాంటిదే. పెద్ద చెక్క తలుపు, అందులో వంగి దూరాల్సిన దిడ్డి, లోపల ఇరువైపులా అరుగులు, పైన కావలివాడి గది. గోడలకు సిమెంటు కాదు, కాల్చిన మట్టితో చేసే సారూజ్ అనే పూత. గట్టిపడేదాకా దాన్ని రోజూ తడపాలి.

ఎడమ గోడ నాతో పనిచేసే గంగన్న పూశాడు, కుడి గోడ నేను. ఇద్దరిదీ జగిత్యాల పక్కనే.

"పుస్తకాలు సదివిన చెయ్యి గిట్లనే వంకర వోతది తమ్మీ" అని నా గోడను చూసి నవ్వేవాడు.

పూత పూర్తయిన మూడో రోజు ఛాతీ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"గ్యాస్ కావచ్చన్నా, సోడా తాగు" అన్నాను.

గంట తర్వాత కారెక్కించాం. ఆసుపత్రి చేరేలోపే పోయాడు.

కాగితాలు తేలక శవం పదకొండు రోజులు మార్చురీలోనే ఉంది. ఊరి నుంచి గంగన్న భార్య, వదిన, రోజూ ఫోన్ చేసేది. "తమ్మీ, ఇయ్యాలన్న తోలిస్తరా? ఆయన మొఖం సూడక బువ్వ దిగుతలేదు."

సైట్ పని ఆగిపోయింది. వాకిలి తాళం నా దగ్గరే. పనిముట్లు చూసి రావడానికి రోజూ పొద్దున వెళ్లేవాణ్ణి. నీళ్లు పట్టే మనసు లేక రెండు గోడలనూ వదిలేస్తే నా గోడ నెర్రెలు విచ్చింది. గంగన్న గోడ మాత్రం తడిగా ఉంది.

మొదటి రోజు పాత తేమే అనుకున్నాను. మూడో రోజు అలా అనుకోవడానికి లేకపోయింది. మంచు పడితే రెండు గోడలూ తడవాలి. తోట కాలువ చెమ్మ అయితే కింది నుంచి ఎక్కాలి. ఇక్కడ నీటి చారలు పైనుంచి దిగాయి, గంగన్న చెయ్యి అందే ఎత్తు నుంచి. గోడలో ఉప్పుంటే తేమను లాగుతుందని చదివాను. నాలుకతో చూశాను, ఉప్పదనం లేదు. నీళ్ల డ్రమ్ము బోర్లించే ఉంది.

పదకొండు రోజులూ అంతే. శవపేటిక విమానమెక్కిన మర్నాడు చూస్తే గోడ పొడిగా ఉంది.

అంత్యక్రియలయ్యాక వదిన ఫోన్ చేసింది. అప్పుడు నేను గంగన్న కూలబడ్డ అరుగు మీదే ఉన్నాను.

"సూసిన తమ్మీ. నిద్రవోయినట్టే ఉన్నడు. ఆకరికి ఏమన్నడు?"

అరుగు మీంచి లేచి నిలబడ్డాను.

"నిన్నే తలిచిండు వదినా" అన్నాను.

ఫోన్ పెట్టేసి, కాలువ నుంచి బకెట్‌తో నీళ్లు తెచ్చి గంగన్న గోడకు పట్టాను. అన్ని రోజులు అది ఎలా తడిసిందో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆమెకు ఆ సోడా సంగతి ఎప్పుడు చెప్పగలనో, అదీ తెలియదు.